లోవెల్ బట్ట: అమెరికా తొలి మిల్లులు, దక్షిణాది పత్తి చేలు

(మాస్టారి స్మారకోపన్యాస పాఠం)



మాస్టారికి ఇంటిపేరూ సొంతపేరూ ఉన్నా ఆ పేరుతో ఆయన్ని పిలిచిన శిష్యుడు ఒక్కడూ లేడు. ఈ ఊళ్లో మాస్టారంటే ఆయనే. ఈ గంటసేపూ నేనూ అలాగే అంటాను.

నేను బి.ఏ. రెండో ఏడు చదువుతుండగా ఆయన ఒకరోజు క్లాసుకు చేతిసంచీతో వచ్చారు. సంచీ నిండా గింజ పత్తి. ఒక్కొక్కరి ముందు గుప్పెడు పెట్టి, గంట కొట్టేలోగా గింజ లేకుండా దూది తీసి ఇమ్మన్నారు. మాలో సగం మంది పత్తి తీతకు వెళ్లినవాళ్లమే. అయినా గంట కొట్టేసరికి ఒక్కొక్కరి చేతిలో తేలింది దీపం కుందిలోకి నాలుగు వత్తులకు సరిపడేంత. గోళ్ల సందులు మండుతున్నాయి. అప్పుడు చెప్పారాయన, అమెరికా దక్షిణాదిలో ఒక మనిషి పొద్దస్తమానం కూర్చుంటే ఒక పౌను దూది తేలేదని, 1793లో వచ్చిన చిన్న యంత్రం దాన్ని రోజుకు 50 పౌన్లు చేసిందని. "ఆ యాభై పౌన్ల కింద ఎందరు నలిగారో మీరే చదువుకోండి" అని సంచీ మడిచి వెళ్లిపోయారు.

చదువుకున్నాను. నలభై ఏళ్లుగా చదువుతూనే ఉన్నాను. ఇవాళ మీ ముందు పెట్టబోయేది ఆ గుప్పెడు పత్తి వెంట నేను నడిచిన దారి.

కొత్తగా పుట్టిన ఒక దేశం తన తొలి మిల్లులు కట్టుకుంటుండగా, అదే దేశంలో రెండు ప్రాంతాలు ఒకదానికొకటి పరాయివై, చివరికి యుద్ధానికి దిగిన కథ ఇది. 1790లో అమెరికా తొలి జనాభా లెక్కలు తీసింది. మొత్తం 39 లక్షల పైచిలుకు. అందులో దాదాపు 7 లక్షల మంది బానిసలు. అప్పటికి తేడాలు ఉన్నా, గోడ ఇంకా లేవలేదు. ఉత్తరాదిలోనూ బానిసలున్నారు, న్యూయార్క్ రాష్ట్రంలో బానిసత్వం పూర్తిగా పోయింది 1827లోనే. దక్షిణాది రేవు చార్లెస్టన్ 16 వేల జనంతో దేశంలో నాలుగో పెద్ద పట్నం. న్యూయార్క్ నగరం 33 వేలు, అంటే దానికి రెట్టింపు. 1860 నాటికి చార్లెస్టన్ 40 వేలకు చేరింది, న్యూయార్క్ 8 లక్షలు దాటింది. మాస్టారు బోర్డు మీద ఈ నాలుగు అంకెలే వేసి, మధ్యలో ఏం జరిగిందని అడిగేవారు.

మేమిచ్చే జవాబు చాలామంది ఇచ్చేదే. ఉత్తరాదివాళ్లు శ్రమజీవులు, యంత్రాలు పెట్టుకున్నారు. దక్షిణాది ఎండల దేశం, వాళ్లు పొలం పట్టుకుని ఉండిపోయారు. ఒక ప్రాంతం వెనకబడిందంటే ఆ ప్రాంతపు మనుషుల్లోనే ఏదో లోపం ఉందని అనుకోవడం మనకు ఎంత అలవాటో చూడండి. ఆ జవాబు తప్పు. అది తప్పని చెప్పడానికే ఇవాళ ఇక్కడ నిలబడ్డాను.

ఆ దేశపు తొలి ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్. 1791 డిసెంబరులో పరిశ్రమల మీద అక్కడి చట్టసభ కాంగ్రెస్‌కు ఒక నివేదిక ఇచ్చాడు. దిగుమతుల మీద సుంకాలు వేయాలి, కొత్త పరిశ్రమలకు ప్రభుత్వం చేయూతనివ్వాలి, పనితనం తెలిసినవాళ్లను బయటి దేశాల నుంచి రప్పించాలి అన్నాడు. థామస్ జెఫర్సన్‌కు అది నచ్చలేదు. వర్క్‌షాపులు ఐరోపాలోనే ఉండనివ్వండి, సొంత పొలం దున్నుకునే రైతే ప్రజాస్వామ్యానికి పునాది అన్నది ఆయన మొదటి నుంచీ నమ్మిన మాట. పాఠ్యపుస్తకాలు ఈ ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి వదిలేస్తాయి. మాస్టారు వదిలేవారు కాదు. 1794లో జెఫర్సన్ తన మాంటిసెల్లో ఎస్టేట్‌లో మేకుల కొలిమి పెట్టాడు. పదేళ్ల నుంచి పదహారేళ్ల వయసున్న బానిస పిల్లలు అక్కడ మేకులు కొట్టేవారు. సొంత పొలం దున్నుకునే రైతు గురించి అంత గొప్పగా రాసిన మనిషి ఇంటి ఖర్చు కొంతకాలం ఆ పిల్లల చేతుల మీదుగానే నడిచింది. పరిశ్రమ ఒకవైపు, వ్యవసాయం ఒకవైపు అని ఆనాటి నాయకులు పెట్టుకున్న వాదం వాళ్ల పెరట్లోనే చెల్లలేదు.

ఉత్తరాదిన తొలి నూలు మిల్లు కథ కూడా ఇలాంటి చిక్కుముడే. ఇంగ్లండు తన యంత్రాలనూ వాటి పటాలనూ పని తెలిసిన మనుషులనూ దేశం దాటనిచ్చేది కాదు. అందుకు చట్టాలే ఉన్నాయి. శామ్యూల్ స్లేటర్ అనే 21 ఏళ్ల కుర్రాడు డెర్బీషైర్‌లో నూలు మిల్లులో పని నేర్చుకుని, యంత్రాల కొలతలన్నీ బుర్రలో పెట్టుకుని, 1789లో పొలం పనివాడినని చెప్పి ఓడెక్కాడు. రోడ్ ఐలండ్‌లో మోసెస్ బ్రౌన్ అనే క్వేకర్ మతశాఖ వర్తకుడు పెట్టుబడి పెట్టాడు. 1790 డిసెంబరులో పాటకెట్ అనే చోట, బ్లాక్‌స్టోన్ నది నీటితో కదుళ్లు తిరిగాయి. తొలి పనివాళ్లు తొమ్మిది మంది పిల్లలు, ఏడేళ్ల నుంచి పన్నెండేళ్ల వాళ్లు.

మోసెస్ బ్రౌన్ గురించి ఒక మాట ఆగి చెప్పాలి. ఆయన 1773లోనే తన బానిసలను విడిచిపెట్టిన మనిషి. బానిస వ్యాపారం చేసే సొంత అన్న జాన్ బ్రౌన్‌తో బహిరంగంగా తలపడినవాడు. అంతటివాడు నిలబెట్టిన నూలు పరిశ్రమకు పాతికేళ్లు తిరక్కుండా ముడిసరుకు బానిసల చేతుల్లోంచి రావడం మొదలైంది. ఆయన మనసు మంచిదే. మనసు మంచిదైనంత మాత్రాన సరుకు వచ్చే దారి మారలేదు.

ఆ దారిని వేసినది మాస్టారు చెప్పిన చిన్న యంత్రం. మసాచుసెట్స్‌లో పుట్టి యేల్‌లో చదివిన ఎలై విట్నీ 1793లో జార్జియాలో, సవానా దగ్గర మల్బరీ గ్రోవ్ అనే తోటలో బస చేశాడు. ఆ తోట కేథరిన్ గ్రీన్ అనే వితంతువుది. సముద్రపు ఒడ్డున పండే పొడుగు పింజ పత్తికి గింజ తేలిగ్గా ఊడుతుంది. లోపలి నేలల్లో పండేది పొట్టి పింజ; పచ్చటి గింజ దూదిని పట్టుకుని వదలదు. మేం క్లాసులో గోళ్లతో గీకిన బాధ అదే. విట్నీ పళ్ల చక్రం ఆ గింజను వదిలించింది. ఆ చిక్కు తీరగానే పొట్టి పింజ పండే నేలంతా బంగారమైంది. 1790లో కొన్ని వేల బేళ్లు పండిన దేశం 1860 నాటికి దాదాపు 40 లక్షల బేళ్లు పండించింది. ఆనాటి అమెరికా ఎగుమతుల విలువలో సగానికి పైగా పత్తిదే.

యంత్రం పని తగ్గిస్తుందని మనం అనుకుంటాం. ఇక్కడ గింజ తీసే పని తగ్గి, దున్ని, కలుపు తీసి, పత్తి ఏరే పని వందల రెట్లు పెరిగింది. ఆ పనికి మనుషులు కావాలి, నేల కావాలి. 1808 నుంచి ఆఫ్రికా నుంచి బానిసలను తేవడం చట్టం ఆపింది. దాంతో వర్జీనియా, మేరీల్యాండ్ లాంటి పాత రాష్ట్రాల నుంచి కొత్త పత్తి నేలలకు మనుషులను అమ్మే వ్యాపారం లేచింది. 1790కీ 1860కీ మధ్య దాదాపు 10 లక్షల మందిని ఇలా దక్షిణానికీ పడమటికీ తరలించారు. కొందరిని ఓడల్లో, చాలామందిని గొలుసులు వేసి వందల మైళ్లు నడిపించి. భార్యను ఒక ఊళ్లో, బిడ్డను ఇంకో ఊళ్లో అమ్మారు. ఇక నేల. అలబామా, మిసిసిపీ ప్రాంతాలు అప్పటికి ఖాళీ భూములు కావు. చెరోకీ, క్రీక్, చోక్టా, చికసా జాతుల ఊళ్లు, పొలాలు. 1830 చట్టంతో వాళ్లను మిసిసిపీ నది అవతలకు వెళ్లగొట్టారు. 1838-39లో చెరోకీలను తరిమినప్పుడు దారిలోనూ శిబిరాల్లోనూ దాదాపు 4 వేల మంది చనిపోయారని అంచనా. పత్తి రాజ్యమని తర్వాత దక్షిణాది గర్వంగా చెప్పుకున్న నేల అలా చేతికొచ్చింది.

అదే విట్నీ ఉత్తరాదికి తిరిగి వెళ్లి, 1798లో కనెటికట్‌లో ప్రభుత్వానికి 10 వేల తుపాకులు చేసిచ్చే కాంట్రాక్టు తీసుకున్నాడు. ఒకే కొలతతో విడిభాగాలు చేసి ఏ తుపాకికైనా అమర్చే పద్ధతి కోసం పాటుపడినవాళ్లలో అతనొకడు. ఉత్తరాది యంత్ర పరిశ్రమ ఎదిగింది ఆ పద్ధతి మీదే. ఒకే మనిషి చేతి నుంచి దక్షిణానికి గింజ తీసే యంత్రం, ఉత్తరానికి విడిభాగాల పద్ధతి వెళ్లాయి. రెండు ప్రాంతాలూ ఒకే పడుగుకు రెండు అంచులని నేనంటున్నది ఇందుకే.

ఇప్పుడు మన తీరానికి సంబంధించిన ఘట్టం.

1807లో, అప్పటికి అధ్యక్షుడైన జెఫర్సన్ విదేశీ వ్యాపారాన్ని నిలిపేశాడు. 1812 నుంచి 1815 దాకా ఇంగ్లండుతో యుద్ధం. దిగుమతులు ఆగిపోయిన ఆ ఏళ్లలో న్యూ ఇంగ్లండ్ వర్తకులు ఓడల్లో తిప్పే డబ్బును మిల్లుల్లోకి మళ్లించారు. ఫ్రాన్సిస్ కేబట్ లోవెల్ అనే బోస్టన్ వర్తకుడు ఇంగ్లండు మిల్లులు చూసి, మరమగ్గం పనితీరును మనసులో ముద్రించుకుని వచ్చి, 1814లో వాల్తమ్‌లో పాల్ మూడీ అనే మెకానిక్ సాయంతో మరమగ్గం నడిపించాడు. పత్తి ఏకడం నుంచి బట్ట నేయడం దాకా అన్ని పనులూ ఒకే కప్పు కింద. యుద్ధం ముగియగానే చవక బట్టలు మళ్లీ రేవుల్లో దిగాయి. అందులో కలకత్తా, మద్రాసుల నుంచి వెళ్లే మన దేశపు ముతక నేత బట్ట ఒకటి. వాల్తమ్ మిల్లు నేసేది కూడా ముతక బట్టే.

లోవెల్ నేరుగా వాషింగ్టన్ వెళ్లి సభ్యులతో మాట్లాడాడు. 1816 సుంకాల చట్టంలో ఒక నిబంధన చేరింది. నూలు బట్ట మీద సుంకం 25 శాతం. అయితే చదరపు గజం 25 సెంట్ల కంటే తక్కువకు వచ్చే ఏ బట్టనైనా 25 సెంట్ల బట్టగానే లెక్క కట్టాలి. లెక్క చూడండి. 10 సెంట్ల బట్ట మీద కూడా 6.25 సెంట్ల సుంకం. అంటే పైకి 25 శాతం, లోపల 60 శాతం దాటింది. ఇంగ్లండు సన్న బట్టకు పెద్ద నష్టం లేదు. మన ముతక బట్టకు మాత్రం ఆ రేవుల తలుపు మూసుకుపోయింది. ఇంగ్లండు మిల్లులు మన నేతగాళ్ల నోటి దగ్గర కూడు లాక్కున్నాయని చిన్నప్పటి నుంచీ చదువుతున్నాం. అమెరికా కొత్త మిల్లుల తొలి రక్షణ గోడ కట్టింది కూడా మన మగ్గాలకు ఎదురుగానేనని ఎందరికి తెలుసు?

ఈ చట్టాన్ని సభలో గట్టిగా సమర్థించినవాళ్లలో ఒకడు దక్షిణ కరోలినా సభ్యుడు జాన్ సి. కాల్హౌన్. 1816లో ఆయనకు దేశమంతా ఒక్కటి. రోడ్లూ కాలువలూ వేసి ఈ గణరాజ్యాన్ని కట్టిపడేయాలని బిల్లు తెచ్చింది కూడా ఆయనే. కేంద్రానికి ఆ అధికారం లేదని అధ్యక్షుడు మాడిసన్ 1817 మార్చిలో ఆ బిల్లును తిప్పికొట్టాడు. మరోవైపు మసాచుసెట్స్ నాయకుడు డేనియల్ వెబ్‌స్టర్ 1824లో కూడా హెచ్చు సుంకాలకు వ్యతిరేకంగా మాట్లాడాడు, తన రాష్ట్రంలో మిల్లుదారుల కంటే ఓడల వర్తకుల మాట అప్పటికి ఎక్కువ చెల్లుతోంది కనుక. 1828 వచ్చేసరికి ఇద్దరూ చోట్లు మార్చుకున్నారు. వెబ్‌స్టర్ సుంకాల వైపు, కాల్హౌన్ సుంకాలకు ఎదురు. వాళ్లను అవకాశవాదులని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. పన్నెండేళ్లలో వాళ్ల వెనకున్న డబ్బు చోటు మారింది. సిద్ధాంతం డబ్బు వెంట నడిచింది.

కేంద్రం వెనకాడిన పనిని న్యూయార్క్ రాష్ట్రం సొంతంగా తలకెత్తుకుంది. ఈరీ కాలువ 363 మైళ్లు. 1817లో తవ్వకం మొదలై 1825లో పూర్తయింది. 40 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు, 83 లాకులు. గోదావరి జిల్లాల వాళ్లకు లాకు అంటే నేను విడమర్చి చెప్పనక్కర్లేదు. బఫెలో నుంచి న్యూయార్క్‌కు టన్ను సరుకు చేరవేయడానికి 100 డాలర్లయ్యేది, 10 డాలర్ల దగ్గరకు పడిపోయింది. పడమటి గోధుమ, కలప న్యూయార్క్ రేవుకు. రేవు నుంచి బట్ట, ఇనుప సామాను పడమటికి. కాలువ ఒడ్డున ఊళ్లు లేచాయి. ఆ ఊళ్లలో మిల్లు, బడి, పత్రిక.

దక్షిణాదికి యంత్రాల మీద విముఖత ఉందని అనకండి. చార్లెస్టన్ నుంచి హాంబర్గ్‌కు 136 మైళ్ల రైలు మార్గం 1833లో పూర్తయినప్పుడు ప్రపంచంలో అంత పొడవైనది ఇంకోటి లేదు. రిచ్‌మండ్‌లో ట్రెడెగర్ ఇనుప కర్మాగారం నడిచింది. 1847లో అక్కడ తెల్ల కార్మికులు సమ్మె చేస్తే వాళ్లను తీసేసి బానిసలతో కొలుముల పని చేయించారు. విలియం గ్రెగ్ 1840లలో దక్షిణ కరోలినాలోని గ్రానిట్‌విల్‌లో చక్కటి నూలు మిల్లు పెట్టి, మనమూ ఇలాంటివి కట్టుకోవాలని తన రాష్ట్రంవాళ్లను పత్రికల్లో బతిమాలాడు. చేతకాక కాదు. చేయాల్సిన అవసరం డబ్బున్నవాళ్లకు కనబడలేదు.

ఎందుకు కనబడలేదన్నదే నా ఉపన్యాసానికి గుండెకాయ.

ఒక మిల్లుదారు లాభం ఎక్కడికి వెళ్తుంది? మిల్లు గోడల్లోకి, నీటి కాలువలోకి, యంత్రంలోకి. వాటిని అతను ఇంకో ఊరికి ఎత్తుకుపోలేడు. కనుక ఆ ఊరు బాగుపడితేనే అతని ఆస్తి విలువ పెరుగుతుంది. రోడ్డు కావాలంటాడు, పనివాళ్లకు చదువు కావాలంటాడు. 1837లో మసాచుసెట్స్ విద్యామండలి ఏర్పడి, దానికి హొరేస్ మాన్ కార్యదర్శి అయ్యాడు. పత్తి తోట యజమాని లాభం ఎక్కడికి వెళ్తుంది? మనుషుల్లోకి. ఇంకో బానిసను కొంటాడు. ఆ బానిసను తాకట్టు పెట్టి అప్పు తెస్తాడు. ఆ అప్పుతో ఇంకొకర్ని కొంటాడు. నేల చప్పబడితే వదిలేసి, తన "ఆస్తి"ని నడిపించుకుంటూ అలబామా పోతాడు. ఊరు ఏమైపోతే అతనికేం? ఆర్థిక చరిత్రకారుడు గావిన్ రైట్ వీళ్లను భూస్వాములని కాక శ్రమస్వాములని అర్థం చేసుకోవాలన్నారు. ఈ విషయం మీద నేను చదివినవాటిలో అంతకంటే పనికొచ్చిన మాట ఇంకోటి లేదు.

1860లో బానిసలు 39 లక్షల 50 వేల మంది. సంతలో పలికే ధర ప్రకారం వాళ్ల విలువ 300 కోట్ల డాలర్ల పైనే. ఆనాటి దేశంలో రైలు మార్గాల పెట్టుబడినీ కర్మాగారాల పెట్టుబడినీ కలిపినా అంత ఉండదు. అంటే దక్షిణాది బీద ప్రాంతం కాదు. బానిసలు కానివాళ్ల తలసరి ఆస్తి చూస్తే ఉత్తరాది కంటే ఎక్కువే. తేడా ఆ సంపద రూపంలో ఉంది. యుద్ధం తర్వాత 1865లో బానిసత్వం రద్దయి మనుషులు మనుషులయ్యారు. ఆ రోజుతో ఆ 300 కోట్ల పద్దు చెరిగిపోయింది. పద్దు పోయాక చూస్తే బడులు కొద్ది, పట్నాలు కొద్ది, మిల్లులు కొద్ది. దేశం మొత్తం కర్మాగారాల ఉత్పత్తిలో, విడిపోయిన రాష్ట్రాల వాటా యుద్ధానికి ముందు పదో వంతుకు మించలేదు. బానిసలకు అక్షరం నేర్పడం నేరమని వాటిలో అనేక రాష్ట్రాలు చట్టాలు చేశాయి.

ఇక 1828 సుంకాల గొడవ. 1818లో పౌను 30 సెంట్లు పలికిన పత్తి పదేళ్లు తిరిగేసరికి 10 సెంట్ల దగ్గర ఆడుతోంది. దక్షిణ కరోలినా పాత నేలలు అలబామా కొత్త నేలలతో పోటీపడలేకపోతున్నాయి. సరిగ్గా అప్పుడు సుంకాలు ఇంకా పెరిగాయి. పత్తిని ప్రపంచ ధరకు అమ్ముకోవాలి, బట్టనూ పారనూ సుంకం కలిసిన ధరకు కొనుక్కోవాలి. సరుకు ఎక్కించేది న్యూయార్క్ ఓడ, బీమా రాసేది న్యూయార్క్ కంపెనీ, అప్పిచ్చి కమీషను కోసుకునేది అడితీదారు. గుంటూరు యార్డుకు సరుకు తోలిన రైతుకు ఆ మంట చెప్పక్కర్లేదు. వంద బేళ్లు పండిస్తే నలభై బేళ్లు ఉత్తరాది మిల్లుదారు పట్టుకుపోతున్నాడని జార్జ్ మెక్‌డఫీ అనే నాయకుడు ఊరూరా చెప్పాడు. ఆ నలభై అన్న లెక్క నిలవదు. ఫిర్యాదులో కొంత నిజం ఉంది. దాన్ని కాదనడం న్యాయం కాదు.

కాల్హౌన్ అప్పటికి ఉపాధ్యక్షుడు. ఒక రాష్ట్రం తనకు నచ్చని కేంద్ర చట్టాన్ని తన హద్దుల్లో చెల్లదని ప్రకటించవచ్చని వాదిస్తూ 1828లో పేరు పెట్టకుండా ఒక పత్రం రాశాడు. 1832 నవంబరులో దక్షిణ కరోలినా అంత పనీ చేసింది. అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ ఇది దేశద్రోహమని హెచ్చరించి, సైన్యాన్ని పంపే అధికారం అడిగాడు. 1833 మార్చిలో హెన్రీ క్లే రాజీ కుదిర్చి, సుంకాలు పదేళ్లలో మెల్లగా తగ్గేలా చట్టం చేయించాడు. గండం గడిచింది. ఇరవై ఎనిమిదేళ్లకు అదే రాష్ట్రంలో, చార్లెస్టన్ రేవులో, ఉత్తర దక్షిణాల యుద్ధపు తొలి ఫిరంగి పేలింది.

ఇక్కడే మాస్టారి ప్రశ్న ఒకటి గుర్తుచేస్తాను. "దక్షిణాది అన్నాం కదా, అంటే ఎవర్రా?" అని అడిగేవారు. 1832లో దక్షిణ కరోలినా జనాభాలో సగానికి పైగా బానిసలు. రాష్ట్రం నష్టపోతోంది, మా ప్రాంతానికి అన్యాయం జరుగుతోంది అని తీర్మానం చేసిన సభలో వాళ్ల తరఫున ఒక్క గొంతు లేదు. రాజ్యాంగం ప్రతినిధుల సంఖ్య లెక్కకు ఒక్కో బానిసను మనిషిలో అయిదింట మూడు వంతులుగా కట్టింది. ఆ లెక్క వల్ల బలపడినది వాళ్ల యజమానుల గొంతే. ప్రాంతం పేరు చెప్పి మాట్లాడేవాళ్లు ఆ ప్రాంతంలో ఎవరిని లెక్కలోంచి తీసేశారో చూడకుండా ప్రాంతీయ అసమానత గురించి మాట్లాడకూడదని నేను నేర్చుకుంది ఆ ప్రశ్న నుంచే. 1937 శ్రీబాగ్ ఒడంబడిక, 1956 పెద్దమనుషుల ఒప్పందం చదివిన తెలుగువాళ్లం మనం. మన చరిత్ర వేరు, అక్కడి బానిసత్వంతో దేన్నీ పోల్చను. మాస్టారి ప్రశ్న మాత్రం ఈ ఒప్పందాల ముందు కూడా పెట్టండి. సంతకాలు చేసినవాళ్లెవరు, ఎవరి పేరు మీద చేశారు, ఆ పేరున్నవాళ్లకు ఏం దక్కింది?

ఉత్తరాదిని నిర్దోషిగా నిలబెట్టి ముగించలేను. మూడేళ్ల క్రితం మా అమ్మాయి దగ్గరకు వెళ్లినప్పుడు లోవెల్ ఊరు చూడ్డానికి వెళ్లాను. ఫ్రాన్సిస్ లోవెల్ 1817లోనే పోయాడు. అతని భాగస్వాములు మెరిమాక్ నది జలపాతం దగ్గర కట్టిన పట్నానికి ఆ పేరు పెట్టారు. 1840 నాటికి 20 వేల జనాభా. మిల్లుల్లో పనిచేసినవాళ్లు ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల రైతుల ఆడపిల్లలు. రోజుకు పన్నెండు పదమూడు గంటల పని, కంపెనీ వసతిగృహాల్లో కాపురం. కూలి తగ్గించినందుకు 1834లో, వసతి ఖర్చు పెంచినందుకు 1836లో పని ఆపి వీధుల్లోకి వచ్చారు. పది గంటల పనిదినం కోసం సారా బాగ్లీ అనే కార్మికురాలు ముందు నిలిచి వేల సంతకాలు సేకరించింది. సొంతంగా పత్రిక నడుపుకున్నారు. ఇప్పుడు బూట్ మిల్లు మ్యూజియంలో పాత మగ్గాలను నడిపి చూపిస్తున్నారు. చెవుల్లో పెట్టుకోమని దూది లాంటి బిరడాలిస్తారు. అవి పెట్టుకున్నా నేల అదురు కాళ్లలోంచి ఛాతీలోకి ఎక్కింది. నేనక్కడ పది నిమిషాలు నిలబడలేకపోయాను.

ఆ మగ్గాల మీదికి వచ్చిన పత్తి బానిసలు ఏరిన పత్తి. ఆ మగ్గాల మీద నేసిన బట్టలో ఒక రకం, మరీ ముతకది, తిరిగి దక్షిణానికి వెళ్లేది. తోటల యజమానులు ఏడాదికింతని కొలిచి బానిసలకు ఇచ్చేవారు. రోడ్ ఐలండ్‌లో కొన్ని మిల్లులు దాన్నే నమ్ముకుని బతికాయి. అంటే ఏరిన చేతులకే ఆ పత్తి చుట్టూ తిరిగి గోనెలాంటి చొక్కాగా వచ్చి చేరేది. ఈ రెండు ప్రాంతాలూ సుంకం దగ్గర కొట్టుకున్నాయి, ఈ బట్ట దగ్గర మాత్రం ఎన్నడూ కొట్టుకోలేదు. 1861లో యుద్ధం వచ్చి దక్షిణాది రేవులు మూతపడ్డాక లాంకషైర్ మిల్లులు భారతదేశపు పత్తి కోసం ఎగబడ్డాయి. మన గుంటూరు నేలల ఎర్రజీర పత్తి కాకినాడ పేరుతో 'కోకనాడాస్' అని విదేశీ బజార్లలో తెలిసింది. ఆ కథ ఇంకో ఏడాది ఇంకెవరైనా ఈ వేదిక మీద చెప్పాలని నా కోరిక.

1930లలో అమెరికా ప్రభుత్వం తరఫున రచయితలు దక్షిణాది ఊళ్లెన్నో తిరిగి, ఒకనాడు బానిసలుగా బతికిన ముసలివాళ్లను కలిసి వాళ్ల మాటలు రాసుకున్నారు. రెండు వేలకు పైగా కథనాలు. వాటిలో తిండి ఏం పెట్టేవారు, బట్ట ఏమిచ్చేవారు అన్న చోట ఒక మాట మళ్లీ మళ్లీ వస్తుంది: లోవెల్ చొక్కా, లోవెల్ గౌను. బోస్టన్ వర్తకుడి ఇంటిపేరు, మసాచుసెట్స్ పట్నం పేరు, ఆ ముసలివాళ్ల నోట ఒళ్లు గీసుకుపోయే ముతక బట్ట పేరు.